మన్నికపరీక్షాశాలలోని పనివారు

2025వ సంవత్సరము ఆగష్టు 12వ తేదీన కేంద్ర మంత్రివర్గమువారు నాలుగు సెమీకండక్టరు పరిశ్రమలకు అనుమతి నొసంగిరి. అందొకటి ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. దక్షిణకొరియా దేశపు ఎపాక్ట్ కంపెనీవారి సహకారముతో ఏ.ఎస్.ఐ.పి. అను సంస్థ నెలకొల్పు నీ కర్మాగారమున సాలుకు 9 కోట్ల 60 లక్షల చిప్పులు తయారగునని ప్రభుత్వ ప్రకటనలో చెప్పబడినది. అంతకుముందు 2023, 2024 సంవత్సరములలో గుజరాతునందలి సాణందులో మైక్రాన్, సి.జి. పవర్, కేన్స్ అను సంస్థలకును, అస్సామునందలి జాగీరోడ్డులో టాటావారికిని ఇట్టి అనుమతులే లభించినవి. పెట్టుబడి యెన్నివేల కోట్లో, ఉద్యోగము లెన్నివేలో, శంకుస్థాపనలకు విచ్చేసిన పెద్దలెవ్వరో పత్రికలలో విపులముగానే వచ్చినది. మేము నేడు చెప్పదలచినది ఆ కర్మాగారములలో నొకమూల నుండు గదినిగూర్చి. దానికి వేఱుగా శంకుస్థాపన యుండదు. సందర్శకుల నచటికి గొనిపోవుటయు నరుదు. దానిని రిలయబిలిటీ లేబొరేటరీ యందురు. తెనుగున మన్నికపరీక్షాశాల యనవచ్చును. అందు పనిచేయువానికి ఆపరేటరని పేరు. అతడు రిజిస్టరులో వ్రాయు నొక్క పంక్తిమీద కర్మాగారమంతయు నాధారపడియుండునన్న అతిశయోక్తిగా తోచవచ్చును గాని, పాఠకులు కొంచెము ఓపికతో వినిన యెడల ఆ మాట యెంతవఱకు నిజమో వారే నిర్ణయింపగలరు.

చిప్పునకు రెండువిధములైన పరీక్షలు కలవు. నేడు పనిచేయుచున్నదా లేదా యనునది మొదటిది. ఇది యంత్రముచేతనే ప్రతి చిప్పునకును కొలది సెకండ్లలో జరిగిపోవును. పదేండ్లకు పిమ్మటను పనిచేయునా యనునది రెండవది. చిక్కంతయు నిచ్చటనే యున్నది. పదేండ్లు కాచుకొని చూచి ఆ తరువాత సరకు నమ్ముదమన్న వర్తకము సాగదు. కావున ఏండ్ల కాలమును వారములలోనికి కుదింపవలసి వచ్చినది. ఇందు మంత్రమేమియు లేదు. స్వీడను దేశీయుడగు స్వాంటే అరీనియస్ అను శాస్త్రజ్ఞుడు 1889లో, వేడిమి పెరిగినకొలది రసాయనిక చర్యల వేగ మెట్లు పెరుగునో యొక సూత్రముగా చెప్పెను. చిప్పునకు పట్టు జబ్బులలో ననేకము లట్టి చర్యలవంటివే గనుక ఆ సూత్రమే యిచ్చటను చెల్లుచున్నది. చిప్పును 125 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో, విద్యుత్తు ప్రవహింపజేయుచు, 1000 గంటలు, అనగా 41 దినముల 16 గంటలు, ఓవెనులో నుంచుదురు. ఈ పరిశ్రమలో తఱచుగా వాడు లెక్కప్రకారము ఇది 55 డిగ్రీలయొద్ద సుమారు 78,000 గంటలు, అనగా దాదాపు తొమ్మిదేండ్లు, పనిచేయుటతో సమానము.

వేడి యొక్కటియే శత్రువు గాదు. 85 డిగ్రీల వేడిమియు, నూటికి 85 వంతుల తేమయు గల పెట్టెలో మఱికొన్ని చిప్పుల నుంచి 1000 గంటలు కాగబెట్టుదురు. బందరు ఉక్కపోత నెఱిగిన మనవారికి దీనిని వర్ణించి చెప్పనక్కఱలేదు. దానినే యినుమడింపజేసినట్లు భావించుకొనిన చాలును. తొందరపడు పక్షమున మూతబిగించిన పాత్రలో 130 డిగ్రీల వేడియు నావిరి యొత్తిడియు కల్పించి 96 గంటలలో పరీక్ష ముగింతురు. ఇది మన యిండ్లలోని ప్రెషరు కుక్కరునకు అన్నగారని చెప్పవచ్చును. వేఱొక పెట్టెలో చిప్పులను సున్నకు దిగువ 65 డిగ్రీల చలినుండి 150 డిగ్రీల వేడికిని, మరల చలికిని వందలకొలది పర్యాయములు త్రిప్పుదురు. రోహిణీకార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు గదా! ఇచ్చట పగులవలసినది రోలుగాదు, వెండ్రుకకంటె సన్ననైన తీగె సిలికానుపై అతుకుకొనియున్న చోటు. లోహమొకతీరుగను, సిలికాను వేఱొకతీరుగను, వానిని కప్పిన నల్లని పోతపదార్థము మఱియొకతీరుగను వ్యాకోచించును. పోతపదార్థములో తేమ చేరియున్న చిప్పును బోర్డునకు అతుకు వేయునప్పుడు 260 డిగ్రీల వేడి తగిలిన ఆ తేమ యొక్కసారిగా ఆవిరియై చిప్పును చీల్చివేయును. మొక్కజొన్న పేలాలు పేలినట్లుండుటచేత ఆ పరిశ్రమలో దానికి పేలాల పగులనియే పేరు పెట్టినారు.

ఇవియన్నియు వట్టి శాస్త్రవినోదములని యెంచరాదు. పొలముగట్టున తాటాకు పందిరిక్రింద ఎండకు కాగుచున్న మోటారు స్టార్టరులో చిప్పున్నది. ఇంటిగోడకు తగిలించిన కరెంటు మీటరులోను, సముద్రముమీద జాలరి చేతిలోనున్న దిక్కు తెలుపు పరికరములోను, బస్సు బ్రేకులలోను చిప్పున్నది. అవి పాడైననాడు నష్టపడువా డెవ్వడో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక ఆపరేటరు చేయు పనినిగూర్చి. పరీక్షాశాలకు రాత్రి పగలు లేదు. షిఫ్టు మాఱునప్పుడు ముందువానియొద్ద రిజిస్టరు అప్పగించుకొనవలెను. ఏ ఓవెను ఎంతవేడి చూపుచున్నది, ఏ పెట్టెలో తేమ యెంత, తొట్టిలో శుద్ధజల మున్నదా, రాత్రి కరెంటు పోయినదా, పోయిన యెన్ని నిమిషములు పోయినది, ఇవియన్నియు చూచి వ్రాసికొనవలెను. చిప్పును ముట్టుకొనుటకు ముందు మణికట్టునకును మడమకును పట్టీలు కట్టుకొని, తన శరీరమును నేలతో కలుపుకొనవలెను. మనుష్యుడు నడచునప్పుడు వస్త్రముల రాపిడిచేత స్థిరవిద్యుత్తు పుట్టును. సుమారు మూడువేల వోల్టులకు లోబడిన తాకిడి మన చర్మమునకు తెలియనే తెలియదు. కొన్ని చిప్పులకు నూఱు వోల్టులే ప్రాణాంతకము. తాను చంపితినని తనకే తెలియకుండ చంపుటకు వీలైన పని యిది. తరువాత ఒక్కొక్క చిప్పును సాకెట్టులో కూర్చవలెను. మూలనున్న చుక్కనుబట్టి దిక్కు చూచుకొనకుండ త్రిప్పిపెట్టిన, విద్యుత్తు వదలిన క్షణముననే మాడిపోవును. ఏ లాటులోని ఎన్నవ చిప్పు ఏ బోర్డుమీద ఏ సాకెట్టులో నున్నదో తప్పకుండ వ్రాయవలెను. సాధారణముగా 168 గంటలకొకసారి, 500 గంటలకొకసారి, 1000 గంటలకు తుదిసారి బయటకు తీసి కొలువవలెను.

తీయుటలోను గొప్ప మెలకువ కావలెను. 125 డిగ్రీల వేడిలోనున్న చిప్పునకు విద్యుత్తును ముందుగా ఆపరాదు. ఓవెను 55 డిగ్రీలకు దిగిన పిమ్మటనే యాపవలెను. ఏలయన, విద్యుత్తుచేతను వేడిచేతను చిప్పులోపల చోటుతప్పి యొకదరికి చేరిన విద్యుత్కణములు, విద్యుత్తు పోయి వేడిమాత్రము నిలిచిన యెడల, మరల తమ పూర్వస్థానములకు చెదరిపోవును. అప్పుడు కొలిచిన లోపము కనబడదు. వైద్యుని గడప త్రొక్కగానే జ్వరము విడిచిన రోగివలె చిప్పు నిక్షేపముగా నున్నట్లు తోచును. మరల పనిలో పెట్టిన పిమ్మట జబ్బు తిరుగబెట్టును. ఇందుచేతనే, ఓవెనునుండి తీసిన చిప్పును 96 గంటలలోగాను, తేమపెట్టెనుండి తీసినదానిని 48 గంటలలోగాను కొలిచితీరవలెనని నిబంధన. సంక్రాంతి మూడుదినముల పండుగ. తేమపెట్టెనుండి వచ్చిన చిప్పు రెండుదినములకంటె వేచియుండదు. పండుగదినమున ఊరిలో గంగిరెద్దు లాడుచుండగా ఈ పనివా డొంటరిగా గాజుతలుపువెనుక కూర్చుండి అంకెలు వ్రాసికొనుచుండును. ఒకవేళ అతడింటికి పోయి, మఱునాడు వచ్చి, ముందునాటి తేదీవేసి వ్రాసెనా, దానిని పట్టుకొనగలవా రెవ్వరును లేరు.

ఇంత జాగరూకత యేల యనువారికి లెక్క చెప్పెదము. 1958లో నేర్పడిన జెడెక్ అను అమెరికా సంఘమువారును, మోటారుబండ్ల చిప్పులకొఱకు ఏ.ఇ.సి. అను సంఘమువారును వ్రాసిన నిబంధనలు నేడు లోకమంతటను వాడుకలో నున్నవి. వానిప్రకారము వేర్వేఱు మూడు లాటులనుండి లాటునకు 77 చొప్పున 231 చిప్పుల నేఱి పరీక్షింతురు. వానిలో చెడదగినవాని సంఖ్య సున్న. ఒకటి రెండైనను పరవాలేదనుట లేదు. 231లో నొకటియు చెడనిచో, నూటికి 90 వంతుల నమ్మకముతో, తయారగు సరకులో చెడునది నూటికొకటికి మించదని చెప్పవచ్చును; అంతకుమించి చెప్పుటకైనను వీలులేదు. ఆ 231లో నొక్కటి చెడిన లెక్క తలక్రిందులగును. కారణము వెదకి, తయారీని సవరించి, క్రొత్త లాటులు తెచ్చి, మరల 1000 గంటలు మొదటినుండి ప్రారంభింపవలెను. అనగా రెండుమూడు నెలలు పోవును. కొనువానికి మాట యిచ్చిన తేదీ దాటిపోవును. ఇంతయు నొక ఆపరేటరు రాత్రివేళ కొలిచిన యొక్క కొలతవలన సంభవించును.

ప్రలోభమిచ్చట దుర్మార్గపు వేషముతో రాదు. మిక్కిలి మర్యాదగా, సందేహరూపమున వచ్చును. సాకెట్టు వదులై యుండునేమో. చేతి తాకిడిచేత పోయినదేమో. దీనిని లెక్కలోనికి తీసికొననేల? ఈ సందేహములు కొన్ని సమయములందు నిజమే యగుటచేత పని మఱింత కష్టమగుచున్నది. సాకెట్టులు నిజముగనే వదులగును. ఆపరేటర్లును మనుష్యులే గనుక నిజముగనే పొరపాటుచేయుదురు. కాని యిట్టిచోట న్యాయస్థానమున చెల్లు విధియే యిచ్చటను చెల్లవలెను: ఆక్షేపించువాడే ఋజువు చూపవలెను. చెడిన చిప్పును చెత్తబుట్టలో వేయక, వేఱొకసారి సాకెట్టులో గ్రుచ్చి కెలకక, పొట్లముకట్టి నెంబరువేసి పరిశోధకులకు పంపవలెను. వారు ఎక్స్‌కిరణములతోను, ధ్వనితరంగములతోను లోపల చూచి, ఆపైన నత్రికామ్లముతో నల్లని పోతను కరగించి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిక్రింద నుంచి పరీక్షింతురు. బంగారుతీగె అల్యూమినియముతో కలియుచోట ఊదారంగు పదార్థము పుట్టి అతుకు పెళుసైనదా? విద్యుత్ప్రవాహపు వేగమునకు లోహపు అణువులు కొట్టుకొనిపోయి తీగె తెగినదా? లేక నిజముగనే బయటి తాకిడి గురుతు లున్నవా? గురుతులున్నయెడల ఆ చిప్పును లెక్కనుండి తీసివేయవచ్చును. లేనియెడల అది చెడినదే. ఎట్లైనను ఆపరేటరు మొదట వ్రాసిన పంక్తిని కొట్టివేయుటకు మాత్ర మెవ్వరికిని అధికార ముండరాదు.

ఈ మాట ఊరక చెప్పుట లేదు. 1984 మార్చిలో అమెరికాలో నేషనల్ సెమీకండక్టర్ అను పెద్ద కంపెనీ న్యాయస్థానమున 40 నేరారోపణలకు దోషియని యొప్పుకొని 17 లక్షల 50 వేల డాలర్లు చెల్లించినది. సైన్యమువారికి అమ్మిన చిప్పులకు ఒప్పందములో వ్రాసిన పరీక్షలను, ఓవెనులో నుంచి కాచుటతో సహా, సరిగా చేయకయే చేసినట్లు పత్రములు పుట్టించుట ఆ నేరము. అప్పటికి ఆ దేశమున మన్నికశాస్త్ర మేమియు శైశవములో లేదు. రక్షణశాఖవారు 1952లోనే యీ విషయమై యొక సంఘమును నియమించిరి. 1957లో నివేదికయు వెలువడినది. నిబంధనలు లేకగాదు, గ్రంథములు లేకగాదు, ఓవెనులు లేకగాదు అట్లు జరిగినది. అట్టి కాగితములు వ్రాయుచున్న వేళ ఆ గదులలో పనిచేయుచున్న చిన్న యుద్యోగులకు ఏమి తోచియుండునో యూహింపవలసినదే.

2008లో ఎన్‌విడియా కంపెనీ తన చిప్పుల ప్యాకేజీలో వాడిన పదార్థముల బలహీనతవలన ల్యాప్‌టాపులు పాడగుచున్నందున 19 కోట్ల 60 లక్షల డాలర్లు నష్టము క్రింద వ్రాసికొనవలసి వచ్చినది. 2011 జనవరి 31వ తేదీన ఇంటెల్ కంపెనీ తన చిప్పుల యందొక భాగము కాలక్రమమున క్షీణించు లోపము కలదని తానే ప్రకటించి, సరకు పంపుట నిలిపివేసినది. మరమ్మతులకును మార్పిడికిని 70 కోట్ల డాలర్లగునని చెప్పినది. నష్ట మెక్కువైనను ఆ కంపెనీ మాట పోలేదు. మనదేశపు కర్మాగారము లింకను పేరు సంపాదించుకొనవలసినవి. వానికి పోగొట్టుకొనుటకు నిల్వయున్న పేరు లేదు గనుక మొదటి యబద్ధమే కడపటిది కావచ్చును.

ఇక మా వృత్తికి సంబంధించిన ప్రశ్నకు వచ్చుచున్నాము. ఇట్టి ఆపరేటరు కాదన్నచో అతనిని కాపాడు చట్ట మేది? 2014లో ఆమోదముద్ర పొందిన అక్రమ వెల్లడింపుదారుల రక్షణచట్టము ప్రభుత్వోద్యోగుల అవినీతి, అధికార దుర్వినియోగములకు సంబంధించినది. ప్రైవేటు కర్మాగారపు ఓవెనుదాక దాని చేయి చాలదు. 2013 కంపెనీల చట్టము 177వ సెక్షనులో నొక యేర్పాటు కలదు. షేరుబజారున నమోదైన కంపెనీలును, ప్రజలయొద్ద డిపాజిట్లు తీసికొనునవియు, బ్యాంకులయొద్ద 50 కోట్లకు మించి యప్పుతెచ్చినవియు, తమ డైరెక్టర్లును ఉద్యోగులును నిజమైన సందేహములను విన్నవించుకొనుటకు మార్గ మేర్పఱుపవలెను, విన్నవించుకొన్నవారిని బాధింపరాదు. మంచిదే. కాని చట్టములోని మాట ఉద్యోగి. కంట్రాక్టరుచేత పంపబడి, కంపెనీ చొక్కా తొడుగుకొని, కంపెనీ ఓవెను చూచుచు, జీతము మాత్రము కంట్రాక్టరుయొద్ద పుచ్చుకొనువాడు ఉద్యోగియా? ఫీజు నిచ్చినవారి పక్షమున మాబోటివారు రెండువిధములను వాదింపగలరు! వాదమునకు వీలున్నదనగా, పదునెనిమిదివేల జీతగాడు నోరు తెఱచుటకు జంకునని యర్థము. ఆదివారముతో నతని కంట్రాక్టు ముగిసినది, సోమవారమునుండి రానక్కఱలేదని చెప్పిన చాలును. ఏ సెక్షను క్రిందను అది శిక్షయని తేల్చుటకు ఏండ్లు పట్టును.

ప్రైవేటు కర్మాగారముల లోపలి యేర్పాటులలో తల దూర్చుటకు మన కేమి హక్కని కొందఱు ప్రశ్నింపవచ్చును. హక్కు ధనమువలన వచ్చినది. 2022 సెప్టెంబరులో సవరింపబడిన పథకముక్రింద చిప్పులను ప్యాకుచేసి పరీక్షించు కర్మాగారముల మూలధన వ్యయములో నూటికి 50 వంతులు కేంద్రప్రభుత్వమే భరించునట్లు నిర్ణయింపబడినది. అది పన్నులు కట్టు ప్రజల సొమ్ము. సగము పెట్టుబడి పెట్టినవాడు లాభములో భాగ మడుగుట లేదు. కొలత నిజముగా వ్రాయబడునా యని మాత్ర మడుగుచున్నాడు. ఇది యధికమైన కోరికగాదు. ప్రోత్సాహక ధనమునిచ్చు ఒప్పందములలోనే పరీక్షాశాలాధికారి ఉత్పత్తి మేనేజరునకు లోబడియుండరాదనియు, చెడిన చిప్పును లెక్కనుండి తొలగించుటకు పరిశోధన నివేదికయు వేఱువేఱు శాఖలవారి రెండు సంతకములును ఉండవలెననియు, ఆపరేటరు మొదటి నమోదు చెఱిగిపోని రీతిగా నిలువవలెననియు వ్రాయించుట సాధ్యమే. కంట్రాక్టు పనివారి నీ గదిలో నియమింపరాదని కూడ వ్రాయించిన మఱియు మేలు. అంతటి కట్టుబాటు ఖర్చుతో కూడినదని కంపెనీలవా రనవచ్చును. ఖర్చే; 70 కోట్ల డాలర్లతో పోల్చినపుడు గణింపదగినది కాదు.

గౌరవమునుగూర్చి యొకమాట. హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏ.ఎం.డి., మైక్రాన్ వంటి కంపెనీల కార్యాలయములలో వేలకొలది తెలుగు యువకులు, యువతులు చిప్పుల రూపకల్పనలో పనిచేయుచున్నారు. అందుకు సంతోషమే. కాని మనయిండ్లలో డిజైనింజనీరన్న అల్లునికిగల మర్యాద పరీక్షాశాల ఆపరేటరునకు లేదు. డిప్లొమా చదివి ఓవెనులకు కాపలాయుండుట యేమి పనియని తండ్రులే యందురు. 2025 సెప్టెంబరులో విక్రమ్ 3201 అను చిప్పును ఢిల్లీలో ప్రధానమంత్రికి సమర్పించినప్పుడు దేశమంతయు సంతోషించినది. 1989లో నగ్నిప్రమాదమున దగ్ధమై తిరిగి లేచిన మొహాలీలోని ప్రయోగశాలలో తయారైన చిప్పది. రాకెట్టులలోని తీవ్రపరిస్థితులకు తట్టుకొనగలదని యోగ్యత పొందినదని ప్రకటనలో నొకమాట యుండెను. చదివినవారిలో ననేకు లామాటను దాటిపోయియుందురు. ఓవెనులముందును, చలిపెట్టెలముందును, కంపనయంత్రములముందును కూర్చుండి ఎవ్వరో కొలిచి వ్రాసిననే గాని యాయోగ్యత రాదు.

మన పాలిటెక్నిక్కులలో సర్క్యూటులు చెప్పుదురు గాని, చెడిన వస్తువు నెట్లు భద్రపఱుపవలెనో, సంశయాస్పదమైన కొలత నెట్లు వ్రాయవలెనో చెప్పు పాఠము మాకు కనబడలేదు. హైదరాబాదులో కేంద్రప్రభుత్వమువారి ఎలక్ట్రానిక్సు పరీక్షాకేంద్ర మున్నది. 1967లో స్థాపింపబడిన ఇ.సి.ఐ.ఎల్. ఉన్నది. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములవారు తమ విద్యార్థుల నచ్చటి ఓవెనులయొద్ద ఆఱుమాసములు పనినేర్చుకొనునట్లు ఏర్పాటుచేసిన యెడల, క్రొత్త కర్మాగారము తలుపులు తెఱచునాటికి పనివారికై పొరుగుదేశములవైపు చూడనక్కఱ యుండదు.

శాసనసభలో మన పట్టణముల ప్రతినిధులకు మాదొక్క మనవి. పెట్టుబడి యెంత, ఉద్యోగము లెన్ని యను ప్రశ్నలు ఎట్లును అడుగుదురు. వానితోపాటు దీనిని గూడ అడుగవలసినది: రాష్ట్రమునకు వచ్చు చిప్పుల కర్మాగారమున మన్నికపరీక్షాశాల యధికారి యెవ్వరికి లోబడి పనిచేయును, అచ్చటి ఆపరేటర్లు కంపెనీ యుద్యోగులా కంట్రాక్టరు మనుష్యులా, చెడిన చిప్పును లెక్కనుండి తొలగించు నధికార మెవ్వరిది? మంత్రిగారి సమాధానము వచ్చినవెంటనే, అది యేదైనను, ఈ పుటలోనే యథాతథముగా ప్రకటింపగలము.